ఆఫ్ బటన్ లేని సీసా

చెరువులో ఎవరూ లైటు వెయ్యరు, ఎరువు కలపరు. అయినా పాచి పెరిగిపోతూనే ఉంటుంది. అదే మొక్కని తెచ్చి ఇంట్లో గాజు తొట్టిలో పెడితే కొన్ని వారాలకే కాండం సన్నబడుతుంది, ఆకులు పసుపెక్కుతాయి, వాటి మీద పచ్చటి జిగురు పడుతుంది. చేపల తొట్టిలో మొక్కలు పెంచాలని చూసినవాళ్ళలో చాలామందికి ఇది తెలిసిన కథే. షాపులో అడిగితే ఎరువు సీసా ఒకటి చేతిలో పెడతారు. కానీ చాలాసార్లు కొరత ఎరువుది కాదు, కార్బన్‌ది.

మొక్కని ఎండబెట్టి తూస్తే ఆ బరువులో 40 శాతం పైన కార్బనే ఉంటుంది. నేల మీది మొక్క దాన్ని గాలిలోంచి తీసుకుంటుంది. నీళ్ళలో మునిగిన మొక్కకి అంత సుఖం లేదు. గాలి తగులుతూ నిలకడగా ఉన్న నీళ్ళలో కార్బన్ డయాక్సైడ్, అంటే మన సీవోటూ, లీటరుకి అర మిల్లీగ్రాము కంటే కాస్తే ఎక్కువ. పైగా నీళ్ళలో ఆ వాయువు కదలిక గాలిలో కంటే సుమారు 10,000 రెట్లు నెమ్మది. ఆకు పక్కనున్నది అయిపోతే మళ్ళీ వచ్చేదాకా ఆకు ఖాళీగా కూర్చోవాలి. చెరువులో ఈ లోటు తీర్చేది అడుగున ఉండే బురద. అక్కడ కుళ్ళే ఆకుల్ని, గడ్డిని బాక్టీరియా తింటూ సీవోటూ వదులుతూ ఉంటుంది. మన తొట్టిలో ఉండేది నాలుగుసార్లు కడిగిన ఇసుక. అందుకని ఆ బురద చేసే పనిని బయట ఒక కూల్‌డ్రింక్ బాటిల్‌లో చేయిస్తాం. ఈస్ట్ సీసా అంటే అంతే.

సామాను అంతా కిరాణా కొట్లోనూ మెడికల్ షాపులోనూ దొరికేదే. రెండు లీటర్ల ప్లాస్టిక్ కూల్‌డ్రింక్ బాటిల్, 200 గ్రాముల పంచదార, లీటరు గోరువెచ్చని నీళ్ళు, పావు చెంచా బేకరీ ఈస్ట్, చిటికెడు వంట సోడా. గొట్టానికి కొత్త సెలైన్ సెట్టు ఒకటి కొనుక్కోండి. మెత్తటి సిలికాన్ గొట్టం వద్దు, దాని గోడల్లోంచే సీవోటూ చాలా వరకు జారిపోతుంది. బాటిల్ మూతకి కన్నం పెట్టి, గొట్టం దూర్చి, ఎం-సీల్‌తో మూసెయ్యాలి. ఆ గొట్టాన్ని నేరుగా తొట్టిలోకి తీసుకెళ్ళకూడదు. మధ్యలో సగం నీళ్ళు పోసిన చిన్న బాటిల్ ఉండాలి. గ్యాస్ ఆ నీళ్ళలో బుడగలుగా లేచి, పైనున్న రెండో గొట్టంలోంచి తొట్టికి వెళుతుంది. దీనివల్ల ఈస్ట్ నురగ తొట్టిలోకి రాదు, బుడగలు కూడా లెక్కపెట్టుకోవచ్చు. రెండు బాటిళ్ళనీ తొట్టి నీటి మట్టం కంటే ఎత్తులో పెట్టండి. లేకపోతే గ్యాస్ ఆగిన రోజున తొట్టి నీళ్ళే గొట్టంలోంచి వెనక్కి వచ్చి, తెల్లారేసరికి గచ్చు మీద ఉంటాయి. నాన్ రిటర్న్ వాల్వు ఉంటే అదీ పెట్టండి, ఖరీదు తక్కువే.

పంచదార బదులు బెల్లం వేసినా పనిచేస్తుంది. బెల్లంలో ఖనిజాలు ఉంటాయి కాబట్టి ఈస్ట్ హుషారుగా ఉంటుంది, కానీ నురగ ఎక్కువ. నేను పంచదారకే ఓటేస్తాను.

మా మామ్మ ఈ సరంజామా చూసి, మూత దగ్గర వాసన పీల్చి, "ఏట్రా ఇది, సారా కాస్తన్నావేటి?" అంది. కాదు మామ్మా, చేపల తొట్టికి గ్యాస్ అన్నాను. "మరైతే ఆ సేపలు తాగుతాయేటి?" అని నవ్వింది. ఆవిడ అన్నదాంట్లో తప్పేం లేదు. తాటికల్లు పొద్దెక్కేకొద్దీ పులిసి నురగ కక్కడం, ఈ సీసాలో జరిగేది, రెండూ ఒకే పని. ఈస్ట్ చక్కెరని తిని ఆల్కహాల్, సీవోటూ సమానంగా వదులుతుంది. కల్లు కోసం చేసేవాళ్ళు గ్యాస్‌ని గాలికి వదిలేస్తారు, మనం గ్యాస్ పట్టుకుని మిగతాది పారబోస్తాం. ఆ ఆల్కహాలే చివరికి ఈస్ట్‌ని ఆపేస్తుంది. అందుకే సీసాలో చక్కెర ఇంకా మిగిలి ఉన్నా కొన్నాళ్ళకి బుడగలు ఆగిపోతాయి. ఎండాకాలంలో మన దగ్గర వేడికి ఈస్ట్ పరిగెత్తి త్వరగా చతికిలపడుతుంది, సంక్రాంతి రోజుల్లో నిదానంగా ఎక్కువ రోజులు నడుస్తుంది. ఒక్క సీసా బదులు రెండు పెట్టి, వారం ఒకటి, మరుసటి వారం ఇంకొకటి మార్చుకుంటూ వెళితే ఒకటి తగ్గే వేళకి రెండోది అందుకుంటుంది. అలాంటప్పుడు ఒక్కోదానిలో పంచదార సగమే వెయ్యండి.

ఇక్కడిదాకా ఎవరైనా చెప్తారు. యూట్యూబ్‌లో పది నిమిషాల వీడియోలు ఈ బుడగల దగ్గరే అయిపోతాయి. నాకు అసలు చెప్పాలనిపించింది దీని తర్వాతి సంగతి. మా వీధిలో ఒక అన్నయ్య తొట్టిలో ఒకే రాత్రి 11 గప్పీలు చనిపోయాయి. సీసా చక్కగా పనిచేస్తోంది, మొక్కలు కళకళలాడుతున్నాయి, ముందురోజు సాయంత్రం నీళ్ళు అద్దంలా ఉన్నాయి. రాత్రి కరెంటు పోయింది, అంతే. అందరూ "ఆక్సిజన్ అందలేదు" అని తేల్చేశారు. లెక్క వేస్తే కథ వేరేగా కనిపిస్తుంది.

200 గ్రాముల పంచదార మొత్తం పులిస్తే వచ్చే సీవోటూ 103 గ్రాములు. 30 డిగ్రీల వేడిలో అది 58 లీటర్ల గ్యాస్. నిజానికి ఇంత రాదు, కానీ అంచనాకి ఇది చాలు. రెండు వారాలకి పంచితే రోజుకి 7 గ్రాముల పైన, 12 గంటల రాత్రికి సుమారు 3.7 గ్రాములు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టిలో ఇసుక, రాళ్ళు పోను 50 లీటర్ల నీళ్ళు పడతాయనుకోండి. ఆ 3.7 గ్రాములూ అందులో కరిగితే లీటరుకి 74 మిల్లీగ్రాములు. సగమే కరిగినా 37. అది అప్పటికే ఉన్నదాని మీద అదనం. మొక్కల కోసం మనం కోరుకునేది లీటరుకి 15 నుంచి 30. చేపలున్న తొట్టిలో 30 దాటనివ్వరు.

మామూలు రాత్రుల్లో ఫిల్టరు నీటి పైభాగాన్ని కదిలిస్తూ ఉంటుంది కాబట్టి ఎక్కువైన గ్యాస్ గాలిలోకి పోతుంది. కరెంటు పోతే ఆ కదలిక ఆగుతుంది. చీకట్లో మొక్కలు కూడా సీవోటూ తీసుకోవు, మనలాగే వదులుతాయి. ఈస్ట్‌కి మాత్రం ఇన్వర్టరు అక్కర్లేదు. పగలూ రాత్రీ తేడా లేదు, దాని పని అది చేసుకుపోతూనే ఉంటుంది. మన భాషలో చెప్పాలంటే కిల్ కమాండ్ లేని ప్రాసెస్.

చేప లోపల జరిగేది కూడా తెలుసుకోవాలి. చేప తన రక్తంలోని సీవోటూని మొప్పల ద్వారా నీళ్ళలోకి వదలాలి. నీళ్ళలోనే అది ఎక్కువగా ఉంటే బయటికి పోదు. రక్తం ఆమ్లంగా మారుతుంది, హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ని గట్టిగా పట్టుకోలేదు. అంటే నీళ్ళలో ఆక్సిజన్ ఉన్నా చేపకి ఊపిరాడదు. పైకొచ్చి నోరు తెరిచి గుటకలు వేస్తున్న చేప "ఆకలి" అనడం లేదు.

సిలిండరు పెట్టుకున్నవాళ్ళకి ఈ బాధ తక్కువ. సోలెనాయిడ్ వాల్వు ఉంటుంది, లైటు ఆరగానే గ్యాస్ కట్. కానీ సిలిండరు, రెగ్యులేటరు, వాల్వు కలిపితే వేలల్లో పని. పంచదార సీసా పది రూపాయలది. సెలైన్ సెట్టుకి ఒక చక్రం క్లాంపు ఉంటుంది కదా, రాత్రి అది తిప్పేస్తే సరిపోదా అని మీకు అనిపించవచ్చు. వద్దు, ఎప్పుడూ వద్దు. దారి మూసినంత మాత్రాన ఈస్ట్ ఆగదు, లోపల ఒత్తిడి పెరుగుతుంది. గొట్టం ఊడితే తుడుచుకోవచ్చు, సీసా పగిలితే గదంతా పులిసిన పంచదార పాకం. అదే గాజు సీసా అయితే ముక్కలు కంట్లో పడొచ్చు. కూల్‌డ్రింక్ బాటిల్ వాడమనేది అందుకే, అది సోడా ఒత్తిడిని తట్టుకునేలా చేసింది.

పుట్టే గ్యాస్‌ని ఆపలేం. కరిగించడాన్ని ఆపొచ్చు. బటన్ పెట్టాల్సింది సీసాకి కాదు, కరిగించే చోట.

ఈస్ట్ తొట్టిల్లో గ్యాస్ కరిగించడానికి చాలామంది ప్లాస్టిక్ గ్లాసుని నీళ్ళలో బోర్లించి దాని కింద గ్యాస్ నింపుతారు. పిన్నులూ పంపులూ అక్కర్లేని చక్కటి ఉపాయమే. కానీ గ్లాసు కింద గ్యాస్ రాత్రంతా నీళ్ళని తాకుతూనే ఉంటుంది. కరెంటు ఉన్నా లేకపోయినా కరుగుతుంది. మా వీధి అన్నయ్యది ఆ పద్ధతే. దాని బదులు చిన్న సబ్‌మెర్సిబుల్ పంపు ఒకటి తొట్టిలో పెట్టి, గ్యాస్ గొట్టం చివరని ఆ పంపు నీళ్ళు పీల్చుకునే నోటి దగ్గర ఉంచండి. పంపు తిరుగుతున్నంత సేపూ దాని రెక్కలు బుడగల్ని పొడిపొడి చేసి నీళ్ళలో కలిపేస్తాయి. పంపు ఆగితే బుడగలు పెద్దవిగా, అడుగు లోతులోంచి గబుక్కున పైకి తేలి పగిలిపోతాయి, కరిగేది కొంచెమే. ఇప్పుడు ఆ పంపు ప్లగ్గునీ లైటు ప్లగ్గునీ ఒకే టైమరుకి తగిలించండి. రోజుకి ఏడెనిమిది గంటలు లైటు, అప్పుడే పంపు. లైటు ఆరితే పంపు ఆగుతుంది. కరెంటు పోయినా పంపు ఆగుతుంది. ఎవరూ లేచి ఏమీ చెయ్యక్కర్లేదు. రైలు బోగీ గొట్టంలో గాలి ఒత్తిడి పోతే బ్రేకులు వాటంతట అవే పడతాయే, అలాంటిదే. ఫిల్టరు మాత్రం ఈ టైమరుకి తగిలించకండి, అది 24 గంటలూ నడవాలి.

నేను విజయనగరంలో హాస్టల్లో, తొట్టి పలాస దగ్గర మా ఊళ్ళో. వారమంతా చూసుకునేది చెల్లి, దానికి ఇంటర్ పరీక్షలు. రాత్రి లేచి ఏర్ పంపు వెయ్యి అని దాన్ని అడగలేను, అడిగినా లేవదు. అందుకే నాకు ఈ అమరిక ఇంత నచ్చింది.

నడుస్తోందో లేదో కొలవడం తేలికే. పీహెచ్, కేహెచ్ టెస్ట్ కిట్లు చాలు. కేహెచ్ అంటే నీటిలో బైకార్బనేట్ ఎంతుందో చెప్పే కొలత. కేహెచ్‌ని 3తో గుణించి, దాన్ని 10 ఘాతం (7 మైనస్ పీహెచ్)తో గుణిస్తే లీటరుకి ఎన్ని మిల్లీగ్రాముల సీవోటూ ఉందో వస్తుంది. మా బోరు నీళ్ళ కేహెచ్ 11. పీహెచ్ 7.2 ఉంటే సీవోటూ 21, బాగుంది. 6.8కి దిగితే 52, ప్రమాదం. సాయంత్రం లైటు ఆరే ముందు ఒకసారి, తెల్లారి లైటు వెలగక ముందు ఒకసారి పీహెచ్ చూడండి. తెల్లారి పీహెచ్ సాయంత్రం కంటే ఎక్కువుంటే రాత్రి గ్యాస్ బయటికి పోయినట్టు. తక్కువుంటే పోగుపడుతున్నట్టు, ఆ రోజే పంచదార తగ్గించండి. డ్రాప్ చెకర్ అని రంగు మారే చిన్న బుడ్డి కూడా అమ్ముతారు, నీలం అంటే తక్కువ, ఆకుపచ్చ సరైనది, పసుపు ఎక్కువ. కానీ ఆ రంగు మారడానికి గంటో రెండు గంటలో పడుతుంది. అంతకంటే ముందు చేపలే చెప్తాయి.

ఒక మాట. మీ తొట్టిలో ఉన్నది హైడ్రిల్లా మాత్రమే అయితే ఈ తంతు మొత్తం అనవసరం. మన చెరువుల్లో తెప్పలుగా ఉండే ఈ మొక్క సీవోటూ తక్కువైతే బైకార్బనేట్‌ని వాడుకోగలదు. ఆకు లోపలి పద్ధతినే మార్చుకుని మొక్కజొన్న తరహా సీ4 దారి పట్టగలదు కూడా. అప్పుడప్పుడు ఆకుల మీద తెల్లటి సున్నం పొర కనిపించేది ఆ బైకార్బనేట్ వాడకం వల్లే. 1950ల్లో శ్రీలంక నుంచి అక్వేరియం మొక్కగా అమెరికాలోని ఫ్లోరిడాకి వెళ్ళి, అక్కడి కాలవల్ని ముంచేసి, ప్రభుత్వానికి పెద్ద తలనొప్పయింది ఇదే. వాలిస్నేరియా కూడా బైకార్బనేట్‌తో సర్దుకుంటుంది. గ్యాస్ కావలసింది ఎర్ర రోటాలా లాంటివాటికి, ఇసుక మీద తివాచీలా పరిచే పొట్టి మొక్కలకి. తొట్టి 100 లీటర్లు దాటితే పంచదార సీసాల మీద ఆశ వదులుకుని సిలిండరుకి డబ్బులు దాచుకోవడం మేలు.

మనవైపు కరెంటు పోవడం అంటే గంటో రెండు గంటలో కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ. తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలతో పాటు కరెంటు స్తంభాలూ పడిపోయాయి, చాలా ఊళ్ళు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అన్ని రోజులు ఫిల్టరు ఆగితే పంపు అమరిక ఒక్కటే సరిపోదు, తేలిపోయే బుడగలో కరిగే ఆ కొంచెం కూడా పోగవుతుంది. అందుకని అక్టోబరు, నవంబరుల్లో తుఫాను హెచ్చరిక రాగానే గ్యాస్ గొట్టాన్ని తొట్టిలోంచి తీసి కిటికీ బయటికి వదిలెయ్యాలి, క్లాంపు తెరిచే ఉంచి. చేపలకి మేత ఆపెయ్యాలి. చెంబుతో నీళ్ళు తీసి జానెడు ఎత్తు నుంచి మళ్ళీ తొట్టిలోకే పొయ్యాలి, మెలకువగా ఉన్నంత సేపూ గంటకి ఇరవైసార్లు. ఇది చెల్లికి కాగితం మీద రాసి తొట్టి పక్కనే అంటించాను.