తప్పిన ప్రమాదం, చెప్పని సాక్ష్యం

మన సంఘాల్లో సాక్ష్యాల సమయం వచ్చిందంటే ఒక్కరైనా బండి మీద నుంచి పడిన సంగతి చెబుతారు. చంద్రగిరి దాటాక కుక్క అడ్డం వచ్చిందని ఒకరు, మొగిలి ఘాట్ మలుపులో లారీ మీదికి వచ్చేసిందని ఒకరు, వెనక కూర్చున్న భార్య చీర కొంగు చక్రంలో చుట్టుకుందని ఇంకొకరు. మోచేతి కట్టుతోనే నిలబడి, వెంట్రుకవాసిలో దేవుడు తప్పించాడంటారు. సంఘమంతా స్తోత్రం అంటుంది. ఓ పదేళ్లు ఈ సాక్ష్యాలు వింటే చాలు, చిత్తూరు, తిరుపతి రోడ్లలో ఎక్కడ ఏ గండం ఉందో కళ్లు మూసుకుని చెప్పొచ్చు. నూర్పిళ్ల కాలంలో తారు మీద పరిచిన రాగి కంకులు, ఆరబోసిన చెనక్కాయల చుట్టూ పెట్టిన రాళ్లు. పంట ఎత్తేస్తారు, రాళ్లు మరచిపోతారు. జూన్, జూలైలో గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి కాయలతో రాత్రంతా బారులు తీరే ట్రాక్టర్లు సరేసరి. వెనక లైటు వెలిగే ట్రాలీ కనబడితే అదే ఒక అద్భుతం.

నా సాక్ష్యమూ ఆ ట్రాక్టర్లదే. కొన్నేళ్ల కిందట ఒక రాత్రి బంగారుపాళెం వైపు ఒక ఇంట్లో ప్రార్థన కూడిక ముగించుకుని బండి మీద చిత్తూరు వస్తున్నాను. సన్నగా తుంపర. ఎదురుగా వస్తున్న బస్సు లైట్లకు కళ్లు చెదిరాయి. ఆ మరుక్షణం నల్లగా ఏదో గోడలాంటిది ముందుకొచ్చింది. సగం రోడ్డు మీదే ఆగిన ట్రాలీ. హ్యాండిల్ కుడివైపు కొట్టేశాను. బస్సుకూ ట్రాలీకీ మధ్యలో నుంచి ఎలా వచ్చానో నాకే తెలియదు. అవతల చితికిన మామిడిపండ్ల మీద చక్రం జారింది. మోకాళ్లు, అరచేతులు చీరుకుపోయాయి. తల నేలకు తగల్లేదు. హెల్మెట్ మాత్రం బండి అద్దానికి వేలాడుతోంది!

ఆ ఆదివారం నేనూ సాక్ష్యం చెప్పాను. దూతలు నన్ను మోశారన్నాను. స్తోత్రాలు మార్మోగాయి. ఆరాధన ముగిశాక వెనక బెంచీలో కూర్చునే ఒక తల్లి చెప్పులు వేసుకోకుండా అలాగే నిలబడి ఉంది. నాలుగేళ్ల కిందట ఆమె కొడుకు తిరుపతి రోడ్డులో బండి మీద నుంచి పడి చనిపోయాడు. “అయ్యగారూ, ఆ పొద్దు నేనూ వాడి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసే పంపించినాను. మావోడికి దూతలు ఎందుకు రాలేదు?” అని అడిగింది. కోపం లేదు, నిజంగానే అడిగింది. నాకు నోట మాట రాలేదు.

ఇంటికొచ్చి లూకా సువార్త 13వ అధ్యాయం తెరిచాను. సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోయారు. మిగతా యెరూషలేము వారందరి కంటే వారే పాపులని అనుకుంటున్నారా అని ప్రభువు అడిగి, కాదని ఆయనే చెప్పారు. అంటే చావు తప్పినవాడు భక్తిలో చనిపోయినవాడి కంటే ఒక మెట్టు పైన లేడు. నా సాక్ష్యం ఆ మాట ఎక్కడా అనలేదు. కానీ ఆ తల్లికి అలాగే వినిపించింది. వినిపించకుండా ఎలా ఉంటుంది?

ఇంకొకటి కూడా గుచ్చుకుంది. దేవాలయ శిఖరం మీద నుంచి దూకు, దూతలు పట్టుకుంటారని సాతాను లేఖనమే ఎత్తి చూపినా ప్రభువు దూకలేదు. నేనేమో హెల్మెట్ అద్దానికి తగిలించి రోజూ దూకుతున్నాను. ద్వితీయోపదేశకాండం 22వ అధ్యాయంలో కొత్త ఇల్లు కట్టేవాడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టాలని ఆజ్ఞ ఉంది. ఎవరైనా జారిపడితే ఆ రక్తాపరాధం ఇంటి మీదికి రాకూడదని. పిట్టగోడ కట్టినవాడిని అవిశ్వాసి అని ఎవరూ అనలేదు కదా.

అసలు ఈ హెల్మెట్ వెనకా ఒక చావు ఉంది. ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’గా పేరుపొందిన టి.ఇ. లారెన్స్ 1935 మే నెలలో ఇంగ్లండులో మోటార్‌సైకిల్ మీద వెళుతూ, సైకిళ్ల మీదున్న ఇద్దరు కుర్రాళ్లను తప్పించబోయి పడ్డాడు. తలకు దెబ్బ. ఆరు రోజులకు మరణించాడు. చికిత్స చేసినవారిలో ఒకరైన హ్యూ కెయిర్న్స్ అనే మెదడు శస్త్రవైద్యుడు ఆ చావును మరచిపోలేక తల దెబ్బలపై పరిశోధన చేశాడు. శిరస్త్రాణం ఉంటే ఎందరో బతుకుతారని 1941లో వ్యాసం ప్రచురించాడు. సైన్యం ముందు విన్నది. బ్రిటన్‌లో అందరికీ చట్టం మాత్రం 1973లోగానీ రాలేదు. హెల్మెట్ ప్రాణాపాయాన్ని దాదాపు 42 శాతం, తల దెబ్బలను 69 శాతం తగ్గిస్తుందని తరువాతి అధ్యయనాలన్నీ కలిపి చూసినవారు తేల్చారు. మన దేశంలో 2022లో హెల్మెట్ లేక చనిపోయినవారు 50,029 మంది. వారిలో 14,337 మంది వెనక కూర్చున్నవారే. చీర కొంగు సర్దుకునే మన అక్కచెల్లెళ్ల తల ఖాళీగానే ఉంటోంది మరి.

నా సాక్ష్యంలో నేను మింగేసింది మరొకటి కూడా ఉంది. ఆ రాత్రి వరుసలో ఉన్న రైతులు, డ్రైవర్లు పరుగున వచ్చారు. ఒకాయన మోకాళ్ల మీద నీళ్లు పోశాడు. ఇంకొకాయన నన్ను నా బండి మీదే వెనక కూర్చోబెట్టుకుని చిత్తూరు దాకా తెచ్చాడు. పేరు కూడా అడగలేదు నేను. దూతలని చెప్పి వాళ్లను మరచిపోయాను.

మంచి సమరయుడు ఆగింది కూడా ఘాట్ రోడ్డు మీదే. యెరూషలేము నుంచి యెరికోకు దాదాపు వెయ్యి మీటర్ల దిగుడు. ఆ తల్లి కొడుకు దగ్గర చాలాసేపు ఎవరూ ఆగలేదట. పోలీసు కేసు భయం. ఇప్పుడు ఆ భయం అక్కర్లేదు. 2016లో సుప్రీంకోర్టు, 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం సాయం చేసినవారికి రక్షణ ఇచ్చాయి. పేరు చెప్పమని వారిని బలవంతం చేయకూడదు. 108కి ఫోన్ చేసి, మెడ కదపకుండా, అంబులెన్స్ వచ్చేదాకా పక్కన ఉంటే చాలు. మొదటి గంట అంత విలువైనది.

మరి ప్రమాదం తప్పనివారి సంగతి? మన చిత్తూరుకు దగ్గరలోనే, వేలూరు సీఎంసీ యువ వైద్యురాలు మేరీ వర్గీస్ ప్రయాణిస్తున్న వాహనం 1954 జనవరిలో బోల్తాపడింది. వెన్నెముక దెబ్బతిని నడుము కింద చచ్చుబడింది. ఆమె మళ్లీ నడవలేదు. చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేశారు. తరువాత అక్కడ పునరావాస వైద్య విభాగానికి తొలి అధిపతి అయ్యారు. ఆ విభాగానికి 1966లో ప్రత్యేక కేంద్రమే వెలిసింది. వెన్నెముక విరిగి అక్కడికి చేరిన వారెందరికో ఆమె కుర్చీయే సాక్ష్యం.

ఆ తల్లి ఇంటికి వెళ్లి ఇదంతా చెప్పాను. ఎందుకు రాలేదన్న ప్రశ్నకు జవాబు నా దగ్గర లేదని కూడా ఒప్పుకున్నాను. “సరేలే అయ్యగారూ, కాఫీ తాగండి” అంది.

ఇప్పుడు మా సంఘంలో బండి సాక్ష్యం చెప్పేవారిని రెండు అడుగుతున్నాను. తల మీద ఏముంది? నిన్ను లేపింది ఎవరు? రెండోదానికి చాలామంది తల గోక్కుంటారు. ఒక తమ్ముడు మాత్రం పాకాల దగ్గర తనను లేపిన టీ కొట్టు ఆయనను వెతుక్కుంటూ వెళ్లి కృతజ్ఞత చెప్పి వచ్చాడు. ఆ తల్లి ఇంకా వెనక బెంచీలోనే కూర్చుంటుంది. ఈ రెండు జవాబులూ వినేదాకా మాత్రం ఆమె స్తోత్రం అనదు.