ఇత్తడి సెక్స్టంట్ అసలుదేనా?

సూర్యుడో నక్షత్రమో దిగంతానికి ఎంత ఎత్తున ఉందో కొలిచి, నడిసముద్రంలో ఓడ ఎక్కడుందో తేల్చుకునే సాధనం సెక్స్టంట్. హైదరాబాద్ అమీర్‌పేటలోనో పంజాగుట్టలోనో మీ షోకేసులోకి అలాంటిదొకటి చేరి, దాని మీద ‘కెల్విన్ అండ్ హ్యూస్, లండన్, 1917’ అని చెక్కి ఉంటే మురిసిపోకండి. కెల్విన్, హ్యూస్ మొదట వేర్వేరు సంస్థలు. రెండు పేర్లూ కలిసింది 1940ల్లో. అప్పటికి పుట్టని కంపెనీ 1917లో సరుకు ఎలా చేస్తుంది? ఇలాంటి అలంకరణ నమూనాలు మన దేశంలోనే, సర్వే పరికరాలకు పేరుపడ్డ రూర్కీలో విరివిగా తయారవుతాయి. ఆ పనివాళ్లను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. నమూనాను నమూనాగా కొన్ని వేలకు కొనుక్కోవచ్చు. పురాతనమని చెప్పి లక్షలు అడిగితేనే అన్యాయం.

పేరు వదిలేసి స్కేలు చూడండి. చాపం వృత్తంలో ఆరో వంతే అయినా, అద్దంలో కోణం రెట్టింపవుతుంది కనుక అంకెలు 120 దాకానో ఇంకాస్త పైకో ఉండాలి. మంచి పాత పరికరంలో వెండి పట్టీ మీద వెంట్రుకవాసి గీతలుంటాయి, వాటిని చదవడానికి చిన్న భూతద్దం ఉంటుంది. నమూనాల్లో గీతలు మొద్దుగా, అచ్చు గుద్దినట్టుంటాయి. డ్రమ్ము తిప్పి కొలిచే రకం 20వ శతాబ్దానిది. దాని మీద 1850 అని ఉంటే నమ్మకండి.

తర్వాత మేడెక్కండి. స్కేలు మీద జరిగే లోహపు చేతిని సున్నా మీద పెట్టి, దూరపు భవనం పిట్టగోడను చూడండి. నేరుగా కనిపించే అంచూ అద్దంలోని అంచూ ఇంచుమించు ఒకే గీతగా కలవాలి. చేతిని జరిపితే మెల్లగా విడిపోవాలి. చిన్న తేడా అసలు వాటిలోనూ ఉంటుంది, నావికులు లెక్కలో సరిచేసుకునేవారు. అలంకరణ వస్తువులో ఆ అద్దాలకు చాలాసార్లు పొంతనే ఉండదు. సూర్యుడివైపు మాత్రం గురి పెట్టొద్దు.

పెట్టె మూత లోపల క్యూ అబ్జర్వేటరీ సర్టిఫికెట్ ఉందేమో చూడండి. ఏ కోణం దగ్గర ఎంత తప్పు చూపుతోందో ఇంగ్లండ్‌లోని ఆ అబ్జర్వేటరీలో పరీక్షించి రాసిచ్చేవారు. నావికుడి పనీ ఖగోళ పరిశోధకుడి పనీ ఆకాశంలో కోణాలు కొలవడమే. అమీర్‌పేట పక్కనే ఉన్న నిజామియా అబ్జర్వేటరీ చరిత్ర కూడా అదే. నవాబ్ జాఫర్ జంగ్ 1901లో మొదలుపెట్టిన ఆ సంస్థ ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలను నమోదు చేసింది. అక్కడి 15 అంగుళాల టెలిస్కోపు చేసిన డబ్లిన్ గ్రబ్ కంపెనీయే జలాంతర్గాములకు పెరిస్కోపులూ చేసింది. నగరవాసుల్లో ఎందరికి తెలుసు ఈ సంగతి!

సర్టిఫికెట్ మీది నంబరూ పరికరం మీది నంబరూ ఒకటే అయితే ధర పెరుగుతుంది. అసలు పెట్టె, టెలిస్కోపు గొట్టాలు, ఫలానా ఓడ అధికారి వాడాడనే కాగితం కూడా ధరను పెంచేవే. దించేది మన అలవాటే: చింతపండు పెట్టి తళతళా తోమడం. పాత పూత పోతే మళ్లీ రాదు. మెత్తటి పొడిగుడ్డతో దుమ్ము దులిపితే చాలు. ధర అంచనాకు ఆన్‌లైన్‌లో అమ్మకందారు అడిగే రేటు పనికిరాదు, వేలంలో నిజంగా పలికిన రేట్లే చూడాలి.

విదేశంలో ఎక్కువ పలుకుతుందని పంపించే ఆలోచన మాత్రం వద్దు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన ఇలాంటి వస్తువు పురావస్తువు కిందికి వస్తుంది. దాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడం నేరం.