మన ఎండ గిట్టని ఎర్రాకుల చెట్టు

జపాన్ మేపుల్ పెంచాలంటే ఎకరాల తోట అక్కర్లేదు. దాని వేళ్లు లోతుకు దిగవు, పైపైనే పీచులా అల్లుకుంటాయి. నీళ్లు నిలవని కుండీ అయితే చాలు, అందులోనే ఏళ్లకేళ్లు బతుకుతుంది. ఆకులు సన్నగా చీలి కొమ్మలు కిందికి వాలే రకాలకు మనిషి ఎత్తు దాటడానికే బోలెడు కాలం పడుతుంది.

స్వీడన్ వైద్యుడు కార్ల్ పీటర్ థన్‌బర్గ్ 1775లో డచ్ కంపెనీ డాక్టరుగా నాగసాకి చేరాడు. విదేశీయులు దెజిమా అనే చిన్న దీవి దాటకూడదని అప్పటి నిబంధన. ఆయన ఊరుకోలేదు. దీవిలోని పశువులకు తెచ్చే మేతలోంచి కూడా మొక్కలు ఏరుకుని పరిశీలించేవాడు! ఈ చెట్టుకు ఏసర్ పాల్మేటమ్ అనే శాస్త్రీయ నామం 1784లో ఆయన పెట్టిందే. జపాన్ తోటమాలులకు మాత్రం అది అప్పటికే పాత చుట్టం. 1710లో ఎడో నగరపు తోటమాలి ఇతో ఇహెయి ఏకంగా 36 రకాల పేర్లు అచ్చేశాడు. ఇప్పుడవి వెయ్యి దాటాయి.

ఆకులో పసుపు మొదటినుంచీ ఉంటుంది, పచ్చదనం దాన్ని కప్పేస్తుందంతే. శరత్తులో వచ్చే ఎరుపు అలా కాదు. రాలబోయే ఆకులో చెట్టు ఆ రంగును కొత్తగా తయారుచేస్తుంది. పగలు మంచి ఎండ, రాత్రి గడ్డకట్టనంత చలి ఉన్న ఏడాది ఎరుపు బాగా పండుతుంది. ఎర్రాకు రకాలను మరీ నీడలో పెడితే పచ్చబారిపోతాయి.

న్యూజెర్సీలో మనవాళ్ల ఇళ్ల ముందు చూసి ముచ్చటపడి విజయవాడ మేడ మీద పెంచుదామనుకునేవారికి ఒక మాట. దీనికి చలికాలంలో ఆకు రాల్చి నిద్రపోవడం తప్పనిసరి. మన సంక్రాంతి చలి ఆ నిద్రకు చాలదు. ఇక వేసవి వడగాడ్పు తగిలిందా, ముందు ఆకు మొనలు గోధుమరంగుకు తిరుగుతాయి, తర్వాత అంచులు లోపలికి ముడుచుకుంటాయి, నలిపితే పొడైపోతాయి. కుండీలో తడి ఉన్నా సరే, గాలి లాగేసుకున్నంత వేగంగా వేళ్లు నీళ్లు అందించలేవు.

ఆన్‌లైన్‌లో నీలిరంగు మేపుల్ విత్తనాలు అమ్ముతుంటారు. కొనకండి. నీలి ఆకుల మేపుల్ అసలు లేనే లేదు. ఎర్రవాటి గింజలైనా నాటితే తల్లి పోలిక కచ్చితంగా వస్తుందన్న భరోసా లేదు. అందుకే నర్సరీలవాళ్లు మామూలు మేపుల్ మొక్కకు అంటు కడతారు.

ఆ గింజకు ఒక రెక్క ఉంటుంది, రాలేటప్పుడు గిరగిరా తిరుగుతుంది. తిరిగే రెక్క ముందంచు మీద చిన్న సుడిగాలి పుట్టి గింజను పైకి లాగి పట్టుకుంటుందని 2009లో శాస్త్రవేత్తలు తేల్చారు. పురుగులూ గబ్బిలాలూ ఎగిరేటప్పుడు వాడుకునేదీ ఇదే కిటుకు.

ఒసాకా దగ్గర మినో అనే కొండ ఊళ్లో ఈ ఆకును మన వామాకు బజ్జీలా పిండిలో ముంచి వేయించి అమ్ముతారు, కాకపోతే తియ్యగా. చెట్టు నుంచి నేరుగా మూకుడులోకి మాత్రం కాదు. ముందు ఏడాదిపాటు ఉప్పులో ఊరాల్సిందే.