సీసాలో నీళ్లు పట్టుకొస్తే సేవ పూర్తయినట్టా?

సెలవులు వస్తే పల్లెలకు వెళ్లి ఏదైనా మేలు చేయాలని మన సంఘాల యౌవనస్థులు కోరుకోవడం సంతోషం. కొందరు ఇందుకోసం విదేశాలకూ వెళ్తున్నారు. అక్కడ వారికి తరచుగా అప్పగించే పనుల్లో తాగునీటి పరీక్ష ఒకటి. అయితే అమీర్‌పేట హాస్టల్లో 20 లీటర్ల క్యాను నీళ్లు తాగుతూ కోచింగుకు వెళ్లే విద్యార్థికి అంత దూరం అక్కరలేదు. నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు బస్సెక్కితే చాలు.

ఇశ్రాయేలీయులు మారాలో నీళ్లు నోట పెట్టగానే చేదని తెలుసుకున్నారు. ఫ్లోరైడుకు ఆ గుర్తు కూడా లేదు. రంగు ఉండదు, వాసన ఉండదు, రుచి తేడా తెలియదు. గ్రానైటు రాతిలోని ఖనిజాల నుంచి అది బోరు నీటిలోకి దిగుతుంది. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము మించరాదని, వేరే నీరు దొరకనప్పుడు 1.5 వరకు సహించవచ్చని మన దేశ ప్రమాణం. అది మించిన నీటిని ఏళ్ల తరబడి తాగితే మొదట పిల్లల పళ్లమీద గారలు, తర్వాత కీళ్ల నొప్పులు, చివరకు నడుము వంగిపోవడం. 1937లోనే అప్పటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లాలో వైద్యులు ఈ జబ్బును గుర్తించి రాశారు. పంజాగుట్టలోని నిమ్స్‌కు డైరెక్టరుగా పనిచేసిన న్యూరోసర్జన్ డాక్టర్ డి. రాజారెడ్డి, ఇది వెన్నుపామును ఎలా నొక్కేస్తుందో ఏళ్లపాటు అధ్యయనం చేశారు. వంగిన ఎముకను తిరిగి నిలబెట్టే మందు లేదు. అందుకే ముందుగా పరీక్షించడం అంత ముఖ్యం.

పరీక్షకు వెళ్లేవారు మూడు పొరపాట్లు చేయకూడదు. మొదటిది, టీడీఎస్ పెన్ను చూపిన అంకెను నమ్మి నీళ్లు మంచివనడం. అది కరిగిన లవణాల మొత్తాన్ని మాత్రమే చెబుతుంది. ఫ్లోరైడును గానీ క్రిములను గానీ చూపదు. ఫ్లోరైడుకు వేరే కిట్టు ఉంది: మందు చుక్కలు వేసి, మారిన రంగును పట్టికతో పోల్చాలి. క్రిములకు ఇంకో సీసా ఉంది: ఒకటి రెండు రోజుల్లో నీరు నల్లబడితే మలినం కలిసిందని అనుమానించాలి. రెండోది, నీళ్లు కాచి తాగమని అందరికీ ఒకే సలహా ఇవ్వడం. కాచితే క్రిములు చస్తాయి, కానీ ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరైన కొద్దీ మిగిలినదానిలో దాని పాలు పెరుగుతుంది. మూడోది, కుళాయి నీటిని మాత్రమే పరీక్షించి తిరిగిరావడం. 2016లో మొదలైన మిషన్ భగీరథతో ఈ ఊళ్లకు నది నీరు వచ్చింది. అది నిజంగా పెద్ద మేలు. అయితే కుళాయి రాని రోజున ఆ ఇంట్లో అన్నం ఏ నీటితో వండుతున్నారు? ఆ ప్రశ్న ఇంటి ఇల్లాలినే అడగాలి.

ఇప్పుడు అసలు మాట. మన పిల్లలు నీళ్లు పట్టుకొని, ఫొటోలు దిగి, నివేదిక కళాశాలకు ఇచ్చేస్తే ఆ ఊరికి దక్కిందేమిటి? ఫలితం తెలుసుకునే హక్కు మొదట ఆ నీళ్లు తాగేవారిది. 2019లో వచ్చిన జల్ జీవన్ మిషన్ ప్రతి ఊళ్లో అయిదుగురు మహిళలకు ఈ కిట్లతో పరీక్ష నేర్పాలని చెబుతోంది. విద్యార్థులు వారితో కలిసి పనిచేస్తే, వీరు వెళ్లిపోయాక కూడా పరీక్ష ఆగదు. కిట్టులో ఎక్కువ చూపిన నీటిని ప్రయోగశాలకు పంపి నిర్ధారించుకోవాలి. ఫలితాన్ని తెలుగులో రాసి సర్పంచ్‌కు, అంగన్‌వాడీ టీచరుకు ఇవ్వాలి. ఫలానా బోరు నీళ్లు వంటకు వద్దు, పశువులు కడగడానికి, బట్టలు ఉతకడానికి వాడుకోండి అని తేటగా చెప్పాలి.

సంఘ పెద్దలకు మా మనవి ఒక్కటే. యౌవనస్థుల ప్రయాణానికి కానుక పట్టేటప్పుడు, వెళ్లే ఖర్చుతోపాటు ఫలితం చెప్పడానికి రెండోసారి వెళ్లే బస్సు చార్జీ కూడా కలిపి లెక్క వేయండి. ఆ రెండో ప్రయాణం జరిగితేనే మొదటిది సేవ అవుతుంది.