కారులోని పాట

మన రాయలసీమలోనే, పెనుకొండ చెంతనున్న కియా కార్ఖానాలో 2019వ సంవత్సరమున సెల్టోస్ అను కారు తయారగుట మొదలయ్యెను. అందు మేలురకపు బండ్లకు బోస్ కంపెనీవారి ఎనిమిది స్పీకర్లను కార్ఖానాలోనే అమర్చిరి. ఇట్టి అమరికకై అదనముగా ధనమిచ్చుట తగునా యని పలువురి సందేహము.

కారు ఒక చిన్న గది వంటిది. అద్దములు శబ్దమును తిప్పికొట్టును. మెత్తని సీట్లు దానిని మ్రింగును. వినువాడు నడుమగాక ఒక ప్రక్కన కూర్చుండును. ఈ చిక్కులను కొలిచి, ఆ బండికే తగునట్లు శబ్దమును సరిదిద్దుట కార్ఖానా అమరికలోని గుణము. బోస్ వారు ఈ పనిని 1983వ సంవత్సరపు కాడిలాక్ సెవిల్ మొదలగు అమెరికా కార్లతో ఆరంభించిరి.

దోషమును గలదు. ఆ స్పీకర్లు మాత్రమే కావలెనన్న దొరకవు. ఖరీదైన రకపు బండినే కొనవలెను. చెడినచో బయటి బజారులో మార్చుకొనుటయు సులభము కాదు.

కావున పేరు చూచి భ్రమపడకుడు. నిలిచియున్న బండిలో వినుట చాలదు. కోసిగి నుండి ఆదోనికి నడుపుచు, మీరెరిగిన పద్యమునొకదానిని వినుడు. ప్రతి మాటయు స్పష్టముగా చెవిని బడినచో ధనమిచ్చుడు. గుండెలదరు మ్రోత మాత్రమే వినబడినచో, ఆ సొమ్ము బావి పూడిక తీయించుటకు వినియోగించుట మేలు.