యుద్ధనౌకల స్మారకం: అభిమానం సరే, ఆలన ఎవరిది?

1971 డిసెంబరు 4న బంగాళాఖాతంలో విమానవాహక నౌక ఐఎన్ఎస్ విక్రాంత్ నుంచి లేచిన సీహాక్ విమానాలు కాక్స్‌బజార్‌పై దాడి చేశాయి. ఆ తరువాత చిట్టగాంగ్ రేవు వాటికి లక్ష్యమైంది. విక్రాంత్‌ను వెతుక్కుంటూ వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ అంతకు కొద్ది గంటల ముందే విశాఖపట్నం తీరానికి చేరువలో మునిగిపోయింది. బంగ్లాదేశ్ అవతరణలో ఇంతటి పాత్ర వహించిన నౌకను 2014 నవంబరులో ముంబయిలో పాత ఇనుము కింద కోయనారంభించారు.

విక్రాంత్‌ను ఎవరూ మరచిపోలేదన్నది ఇక్కడ గమనార్హం. 1997 జనవరి 31న విధుల నుంచి తప్పుకున్న ఈ నౌకను 2001లో మ్యూజియంగా తెరిచారు. అయితే దానిని నీటిమీదనే ఉంచారు. సముద్రపు నీటిలో తేలే ఇనుము ఏటేటా తుప్పు పడుతుంది. అడుగుభాగాన్ని బాగుచేయాలంటే నౌకను డ్రైడాక్‌కు చేర్చాలి. ఆ వ్యయాన్ని శాశ్వతంగా భరించే సంస్థ ఏదీ ముందుకు రాలేదు. సందర్శకుల భద్రత దృష్ట్యా 2012లో మ్యూజియం మూతపడింది. నిర్వహణ తమ వల్ల కాదని మహారాష్ట్ర ప్రభుత్వం చేతులెత్తేసింది. చివరకు నౌక వేలంలో సుమారు 60 కోట్ల రూపాయలకు అమ్ముడుపోయింది. ప్రజాప్రయోజన వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్లినా ఫలితం లేకపోయింది.

ఇంత జరిగినా పాఠం నేర్చిన జాడలేదు. 2017 మార్చి 6న విరమించిన ఐఎన్ఎస్ విరాట్‌ను తమకివ్వమని ఆంధ్రప్రదేశ్ కోరింది. మహారాష్ట్ర మంత్రివర్గం 2018లో 852 కోట్ల రూపాయల ప్రణాళికకు ఆమోదముద్ర వేసింది. హోటళ్లు, సాహస క్రీడలు వంటి హంగులన్నీ అందులో చేరాయి. నావికుల స్మృతికి ఇన్ని హంగులు అవసరమా అన్న సందేహం ఎవరికైనా కలుగుతుంది. డబ్బు మాత్రం సమకూరలేదు. 2020 సెప్టెంబరులో విరాట్ గుజరాత్‌లోని అలంగ్ తీరానికి చేరింది. దానిని తుక్కుగా కొన్న ధర 38.54 కోట్లు. విధ్వంసాన్ని ఆపాలని 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆదేశించే సరికే చాలా భాగం కోసివేశారు. రెండు నెలలకు ఆ స్టే కూడా తొలగింది.

ఇందుకు భిన్నమైన ఉదాహరణ విశాఖ రామకృష్ణా బీచ్‌లోనే ఉంది. 1969లో సోవియట్ యూనియన్‌లో నౌకాదళంలో చేరిన ఐఎన్ఎస్ కురుసుర జలాంతర్గామి 2001 ఫిబ్రవరిలో విరమించింది. దానిని ఒడ్డుకు లాగి, కాంక్రీటు పునాదిపై నిలిపి, 2002 ఆగస్టులో ప్రజలకు తెరిచారు. అందుకైన ఖర్చు సుమారు అయిదున్నర కోట్లు. ఆనాటి నుంచి నగరాభివృద్ధి సంస్థే దాని బాగోగులు చూస్తోంది. టిక్కెట్ల ఆదాయం నిర్వహణకు ఆసరా అవుతోంది. ఇరుకైన పడకలు, టార్పెడో గొట్టాలు చూపి వివరించే మార్గదర్శకులలో నౌకాదళ మాజీ ఉద్యోగులూ ఉన్నారు. ఆ లోహపు గదులలో మనుషులు ఎలా బతికారో వారి కంటే బాగా చెప్పగలవారెవరు? పనిచేసే నౌకలకు మాత్రమే దక్కే పతాకాలంకరణ గౌరవాన్ని నౌకాదళం నేటికీ కురుసురకు ఇస్తోంది.

జలాంతర్గామి చిన్నది, విమానవాహక నౌక బ్రహ్మాండమైనది, రెంటినీ పోల్చడం సబబు కాదనవచ్చు. నిజమే. కాని అమెరికాలో నౌకను కోరే సంస్థ పోషణకు డబ్బెక్కడిదో ముందే చూపాలి. ఖర్చు ప్రభుత్వ నౌకాదళానిది కాదు. 1948 నుంచి స్మారకంగా ఉన్న టెక్సాస్ యుద్ధనౌక సైతం నీళ్లు కారి, 2022లో భారీ మరమ్మతులకు వెళ్లవలసి వచ్చింది. మన దగ్గర ప్రకటన ముందు వెలువడుతుంది. లెక్కలు తరువాత వేస్తారు.

సముద్రంలో మరణించినవారికి సమాధులుండవు. 1971 డిసెంబరు 9న డయ్యూ సమీపంలో ఐఎన్ఎస్ ఖుక్రీ మునిగినప్పుడు 18 మంది అధికారులు, 176 మంది నావికులు నేలకొరగలేదు, నీటిలో కలిసిపోయారు. నౌకను విడిచిరాని కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా వారిలో ఒకరు. ఆ పేరే పెట్టుకుని 1989లో నౌకాదళంలో చేరిన మరో ఖుక్రీ 32 ఏళ్ల సేవ అనంతరం 2021 డిసెంబరులో విశాఖపట్నంలో విరమించింది. దానిని తుక్కుకు పంపలేదు. 2022 జనవరిలో మ్యూజియం నిమిత్తం డయ్యూ పాలనాయంత్రాంగానికి అప్పగించారు. తొలి ఖుక్రీ మృతుల స్మారకం ఉన్నదీ ఆ తీరంలోనే.