పెరికయెద్దు – బండియెద్దు

పూర్వకాలపు రవాణా యనగానే ఎద్దుబండి స్ఫురించుట సహజము. కాని నల్లగొండ, మహబూబునగరు సీమలందు దూరవాణిజ్యమునకు చిరకాల మాధారమైనది బండిని లాగిన యెద్దు గాదు, వీఁపుమీఁద బరువు మోసిన పెరికయెద్దు.

'పెరిక' యనగా ఎద్దు వీఁపున ఇరుప్రక్కల వ్రేలునట్లు వేయు గోనె. లంబాడీలు ఇట్టి యెద్దులపై ధాన్యమును, ఉప్పును దూరదేశములకు గొంపోయెడివారు. దండులకును సరఫరా చేసిరి. ఫ్రెంచి రత్నవర్తకుడగు టావెర్నియే 1676లో ప్రకటించిన యాత్రాగ్రంథమున పది పండ్రెండు వేల యెద్దులు గల బిడారులను వర్ణించెను. గోలకొండనుండి మచిలీపట్టణమునకు బోవు త్రోవను గూర్చియు నాతడు వ్రాసెను. కొండలు, చెఱువులు, ఏఱులు అడ్డగించుటచే అచ్చట చక్రముల బండి నడచుట మిక్కిలి కష్టమట. వజ్రపుగనులకు తాను గొంపోయిన చిన్నబండిని పెక్కుచోట్ల విడదీసి దాటింపవలసి వచ్చెనట. ఆ త్రోవ నల్లగొండ సీమమీఁదుగా బోవునదియే.

దీనినిబట్టి ఈ సీమవారు చక్రము నెఱుగరని తలంపరాదు. ఊరిలో ఎరువును, పంటను చేరవేయుటకు బండి యుండనే యుండెను. ఒక జత యెద్దులు వీఁపులపై మోయుదానికంటె బండిలో కొన్ని రెట్లు లాగగలవు. అయినను బండికి బాట వలయును; పెరికయెద్దునకు కాలిత్రోవ చాలును. అది దారిపొడవున మేయుచు సాగును గనుక మేతకు వ్యయమును స్వల్పమే.

పందొమ్మిదవ శతాబ్దిలో ఈ స్థితి మాఱెను. 1874లో వాడీనుండి హైదరాబాదునకును, 1889 నాఁటికి బెజవాడకును రైలుమార్గ మేర్పడెను. ఉప్పు, ధాన్యము రైలు నెక్కగా బిడారులు క్షీణించినవి. లంబాడీలు పెక్కురు తండాలలో స్థిరపడి సేద్యమునకును, పశుపోషణమునకును దిగిరి. బండికి మాత్రము పని పెరిగెను. స్టేషనునుండి పల్లెకు సరకు చేర్చునది అదియే గదా.

కాని బండి గలవాఁడగుటయే కాపునకు చిక్కయ్యెను. అధికారుల పర్యటనములకు, దొరల పనులకు బండ్లను, ఎద్దులను బాడుగ లేకయే పట్టుకొనుట వెట్టిలో నొక భాగము. నాగలికిని బండికిని ఎద్దులు ఒక్కటియే. అదనున అవి వెట్టికి బోయినచో చేను విత్తబడదు. వెట్టిని ఎదిర్చిన ఆంధ్రమహాసభ రెండవ సమావేశము 1931లో నల్లగొండ మండలపు దేవరకొండయందే జరిగెను.

నేఁడు ట్రాక్టరులు ప్రబలి బండ్లు అరుదైనవి. కాడి, నొగ, ఇరుసు, ఆకు, కడచీల, కందెన యను మాటలు వడ్రంగుల నోటను, వృద్ధులగు రైతుల నోటను మిగిలియున్నవి. సవారికి వాడిన తేలికబండిని 'కచ్చురము' అనుట తెలంగాణపు వాడుక. కడచీల యూడినచో చక్రము నిలువనట్లు, వస్తువు పోయినపిమ్మట వ్రాతలో నెక్కని మాటయు నిలువదు. ఊరూర నున్న పండితులు విద్యార్థులచే ఈ పదములను, వాని అర్థములను సేకరింపించినచో పెరికనాఁటి చరిత్రయు, బండినాఁటి చరిత్రయు గూడ నిలుచును.